కొళాయిలో పచ్చ రంగు

కెనడాలోని నోవా స్కోషియాలో నవంబరు మొదలైంది. ఒడ్డుకెక్కించిన పడవలో, చలికి గొట్టాలు పగలకుండా నీళ్ల ట్యాంకులో మందు పోసి భర్త చేతులు తుడుచుకుంటున్నాడు. నిద్రపోతున్న చంటిదాన్ని భుజాన వేసుకుని ఆమె కొళాయి తిప్పి చూసింది.

"ఇదేంటి, పచ్చగా వస్తోంది? తాగే నీళ్ల ట్యాంకులో పోసే మందు గులాబీ రంగు కదా?"

"రంగుదేముంది? నీళ్లు గడ్డకట్టకపోతే చాలు."

"ఎక్కడిదిది?"

"గ్యారేజీలో మిగిలింది. కారుకి పోసేదే."

"తాగే నీళ్ల ట్యాంకులో కారు మందు పోశావా! అది విషమని డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి మరీ చెప్పారు కదా!"

"అరవకు, ఐడా లేస్తుంది. ఎండలొచ్చాక నాలుగుసార్లు కడిగేస్తాలే."

"ఇప్పుడే కడుగు."

"రేవులో నీళ్లు నిన్ననే ఆపేశారు. దేంతో కడగను, నా కన్నీళ్లతోనా?"

"అయితే ట్యాంకు ఊడదీసెయ్. కొత్తది పెడదాం."

"మంచం కిందుంది, బోల్టులన్నీ తుప్పు పట్టాయి. రెండ్రోజుల పని, మహాతల్లీ! కడిగితే పోయేదానికి ఇంత గోలేంటి?"

"జూన్‌లో దీని పాలపొడి ఆ నీళ్లతోనే కలపాలి. సరే, నువ్వన్నట్టే కడుగు. కడిగాక మొదటి గ్లాసు నీకే ఇస్తా. నా ఎదురుగా తాగుతావా?"

అతను కొళాయి కింద గిన్నెలో చేరిన పచ్చ నీళ్లని వేలితో తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిన్నే, తాగుతావా?"

"పెద్ద స్పానర్ ఎక్కడ పెట్టావు?"