స్పీడుకు ఎగువన ఉన్నదెవరు

"నెట్టు స్పీడు పడిపోతే కంప్యూటరు ముందు కూర్చుని దిగులుపడకూడదు జయా, లేచి తీగ వెంట ఎగువకి నడవాలి. పోయిన నెల నేను చేసింది అదే," అంది వెంకటరావమ్మ, అరుగు మీద ఎండుమిరపకాయల కుప్పకు అటువైపు సర్దుకుని కూర్చుంటూ.

జయకుమారి చేతులు తొడిమలు తీస్తున్నాయే గానీ కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. కిటికీ లోపల, ముందుగదిలో, ఆమె కూతురు సాయిలక్ష్మి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు నెట్‌లోనే పంపాలి. ఆ సాయంత్రం ఐదింటితో ఆఖరు. టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండు వచ్చే ఇల్లు ఊళ్ళో వెంకటరావమ్మదొక్కటే. కొడుకూ కోడలూ మనవరాలు శ్రీరమ్యా పెళ్ళికని గుంటూరు వెళ్ళడంతో ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. తల్లీకూతుళ్ళు వచ్చి చాలాసేపయింది. ఇంతవరకూ ఒక్క పేజీ తెరుచుకోలేదు.

నాలుగు గంటల బస్సెక్కి చిలకలూరిపేటలో నెట్ సెంటరుకి పోతే నయమేమో అని జయకుమారి నసిగింది. వెంకటరావమ్మ వినలేదు. తన ఇంట్లో స్పీడు పెట్టుకుని పేట పోవడమేమిటని, పోయిన నెల ఆ స్పీడుని తను ఎక్కడి నుంచి తెచ్చిందో వింటే అలా అనవని చెప్పి, ఒక కాయ తొడిమ తీసి పక్కన పడేసి మొదలుపెట్టింది.

"మా సత్తెనపల్లి చెల్లెలు లేదూ, దాని మనవరాలికి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు ఫొటో నెట్‌లో పంపారు, చూసి చెప్పక్కా అని. సరేనని తెరిచాం. పొద్దున కాఫీలప్పుడు జుట్టు వచ్చింది. భోజనాల వేళకి నుదురు వచ్చింది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. మీసం ఉందో లేదో తెలియక అక్కడ వాళ్ళు మాట ఇవ్వలేక కూర్చున్నారు. శ్రీరమ్య ఏమో కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టడం, ఆపి మళ్ళీ పెట్టడం. నేనన్నానూ, ఓసి పిచ్చిదానా, మనవి సాగరు కాలువ చివరి భూములు, నీళ్ళు రాకపోతే మీ తాత పొలంలో కూర్చుని మట్టి వైపు చూసేవాడా? పార భుజాన వేసుకుని గట్టు వెంట పైకి పోయేవాడు, ఏ ఎగువ రైతు దొంగ తూము పెట్టాడో పట్టుకునేవాడు, దాన్ని పూడ్చి వచ్చేవాడు. స్పీడైనా అంతేనని, పార తీసుకుని బయల్దేరాను."

"తీగలో నీళ్ళుంటాయా వదినా?" అంది పేరమ్మ. ఆమెది పక్కిల్లు. తొడిమలు తీసే పని ఎవరి అరుగు మీద ఉంటే అక్కడ ఉంటుంది.

"నీళ్ళు కాదే, స్పీడు. రెండూ పైనుంచే వస్తాయి కదా. విను. టెలిఫోను స్తంభానికి చెవి ఆనించి పెట్టావనుకో, లోపల స్పీడు వినిపిస్తుంది. మన వీధి స్తంభంలో దోమ తిరిగినట్టు సన్నగా ఉంది. పొలిమేర దాటాక తుమ్మెద తిరిగినట్టు ఉంది. హైవే ఎక్కేసరికి కందిరీగల తుట్టె కదిపినట్టు ఒకటే హోరు. అంటే ఏమిటన్నమాట?"

"అంటే దొంగ తూము హైవేకీ నీ ఇంటికీ మధ్యలోనే ఉండాలి," అంది పేరమ్మ.

వెంకటరావమ్మ కాయని వేళ్ళ మధ్య తిప్పింది.

"నువ్వు మధ్యలో మాట్లాడితే నేను ఎక్కడున్నానో మర్చిపోతాను. ఎక్కడున్నాను?"

"హైవే మీద, అత్తయ్యా," అంది జయకుమారి.

"ఆఁ, హైవే మీద. పేట దాకా నడిచాను. అక్కడ ఏముందో తెలుసా? జిన్నింగు మిల్లు ముందు పత్తి బేళ్ళ లారీ ఒకటి ఆగి ఉంది. దాని వెనక చక్రం సరిగ్గా భూమిలో మన తీగ పోయే చోట ఉంది. అంత బరువు మీద పడితే స్పీడు ఎలా వస్తుంది? నలిగి, పిప్పై, కారి కారి వస్తోంది. డ్రైవరు ఆదాం అని, మర్యాదస్తుడే, కానీ తీయనన్నాడు, లోడు దిగాలన్నాడు. నేను మారు మాట్లాడకుండా పార కర్ర చక్రం కింద దూర్చి ఒక్క తొక్కు తొక్కాను. లారీ లేచింది, బేళ్ళతో సహా. పైనుంచి అతను, 'అమ్మా, కాస్త నెమ్మదిగా దించండి, క్యారేజీలో పులుసు ఉంది' అని బతిమాలుకున్నాడు."

కిటికీలోంచి సాయిలక్ష్మి గొంతు వినిపించింది. "మామ్మా, ఇంకా ఆ గడియారం బొమ్మే తిరుగుతోంది."

అదే సమయానికి వీధి చివర బస్సు హారను మోగింది. జయకుమారి ఒళ్ళో కాయలు దులుపుకుని సగం లేచింది. వెంకటరావమ్మ ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. పేట పోయేసరికే ఐదవుతుందని, అక్కడ కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదని, ఇక్కడ తను ఉందని చెప్పింది. బస్సు ఆగిన చప్పుడూ, వెళ్ళిపోయిన చప్పుడూ ముగ్గురూ విన్నారు. ఇక ఆ రోజుకి పేటకి ఇంకో దారి లేదు. జయకుమారి మొహం చూసి వెంకటరావమ్మ గొంతు పెంచింది.

"ఎక్కడున్నాను?"

"లారీ గాల్లో ఉంది వదినా."

"దించేశాను. దించాక చూస్తే స్పీడు కాస్త పెరిగింది గానీ మన పంటకి సరిపోయేంత లేదు. టెలిఫోను ఆఫీసుకి పోయాను. భుజాన పార చూసి ఆఫీసరు లేచి నిలబడ్డాడు. మా చివరి భూముల వాళ్ళకి వంతు ఎప్పుడయ్యా అని అడిగాను. అతను నిజం చెప్పేశాడు. అమ్మా, స్పీడు మాది కాదు, సముద్రంలోంచి వస్తుంది, అక్కడే ఏదో అడ్డం పడింది, మాకు ఈత రాదు అన్నాడు. సరేనని సింగరాయకొండ బస్సెక్కాను. దిగి, ఒడ్డుకి పోయి, చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగాను. మోకాళ్ళు, నడుము, మెడ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగ చేతికి తగిలింది, తాటిమొద్దు అంత లావుంది. దాని మీద అడ్డంగా పడుకుని ఉంది పడవ."

"పడవ పడుకుంటుందా అత్తయ్యా?"

"పడవ అన్నానా? సొరచేప. పడవంత సొరచేప. నిద్రపోతోంది."

"ఇందాక లారీ అన్నావు," అంది పేరమ్మ.

"లారీ పేటలో. సముద్రంలో లారీ ఎందుకుంటుందే, నీకు మతిపోయిందా?" అని కసిరి, తన నుదురు ఓసారి రుద్దుకుంది. "చేపే. పార వెనక్కి తిప్పి డొక్కలో ఒక్క పోటు పొడిచాను. అది కళ్ళు తెరిచి, నన్ను చూసి, తప్పైందన్నట్టు తోక ముడుచుకుని పోయింది. పోగానే స్పీడు వచ్చింది చూడు, గేట్లెత్తిన సాగరు నీళ్ళు దాని ముందెంత. తీగ పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే ఉన్నాను, ఒంగోలు కనిపించింది, మార్టూరు కనిపించింది, కళ్ళు మూసి తెరిచేసరికి ఇదిగో ఈ అరుగు మీద తడిచీరతో ఉన్నాను. నేనెక్కి వెళ్ళిన బస్సు ఇంకా సింగరాయకొండలో వెనక్కి తిప్పుకుంటూనే ఉంది. ఇంట్లోకి పోయి చూస్తే పెళ్ళికొడుకు ఒక్కడే కాదు, వాళ్ళ నాన్న, వాళ్ళ తాత, ఇంకా పుట్టని పిల్లలు, అందరి ఫొటోలూ వచ్చి పడి ఉన్నాయి. కంప్యూటరు వెనక ఫ్యాను గాలికి మేడ మీద పచ్చి కాయలు మధ్యాహ్నానికల్లా గలగల ఎండాయి. స్పీడు పొంగి ముందుగది గోడ బీటలిచ్చింది. దాచేపల్లి నుంచి సిమెంటు తెప్పించి పూడ్చాం. అలాంటి స్పీడమ్మా మాది. దరఖాస్తు ఎంతసేపు? నువ్వు ఊరికే భయపడకు."

నమ్మి కూర్చోవాలో, లేచి ఏడవాలో జయకుమారికి తెలియడం లేదు. కిటికీ వైపు చూసింది. కంప్యూటరు వెలుగుతోంది. కుర్చీలో సాయిలక్ష్మి లేదు.

"సాయీ," అని పిలిచింది. లోపల ఎక్కడో మంచం జరిపిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పేరమ్మ కూడా తొడిమలు తీయడం ఆపింది.

చివరికి సాయిలక్ష్మి గడప దాటి వచ్చింది. చేతిలో పాత ఎర్ర టెలిఫోను ఉంది, దాని తీగ వెనక గచ్చు మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"వెళ్ళిపోయిందమ్మా దరఖాస్తు. నంబరు కూడా ఇచ్చారు."

జయకుమారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిలక్ష్మి వెంకటరావమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"మామ్మా, మీరు చెప్పినట్టే చేశాను. ఇంకేం చేయాలో తోచక తీగ పట్టుకుని ఎగువకి పోయాను. సముద్రం దాకా అక్కర్లేకపోయింది. మీ మంచం దగ్గరే ఆగింది. కంప్యూటరుకి పోయే తీగని అక్కడ మధ్యలో గీకి ఈ ఫోను కలిపారు. రిసీవరు పెట్టకుండా దిండు మీద వదిలేసి ఉంది. స్పీడంతా ఇందులోకే పోతోంది. ఇది పీకేశాను, అంతే."

"ఆ సొరచేప పోయిన నెల కూడా నీ దిండు మీదే పడుకుందేమో వదినా," అంది పేరమ్మ.

"నా గదిలో రెండో ఫోను ఎందుకుంటుంది? ఎవరు పెట్టారు?" అంది వెంకటరావమ్మ. నిజంగానే అడిగింది.

సాయిలక్ష్మి ఫోను ఆమె ఒళ్ళో పెట్టింది. తీగ కొసన అతుకు వేసిన చోట గుడ్డపీలిక చుట్టి, దాని మీద పురికొసతో ముడి వేసి ఉంది. మిరపకాయల టిక్కీ బస్తాల మూతికి వేసే ముడి. ఎడమచేతి వాటంగా, కొస లోపలికి దోపి, అలా వేసేది ఊళ్ళో ఒక్కరే. పేరమ్మ చూసింది, నోరు తెరవబోయి మూసుకుంది.

వెంకటరావమ్మ ఆ ముడి మీద బొటనవేలు పెట్టి రెండు మూడు సార్లు తడిమింది. మంచం మీద నుంచి లేవకుండా చెల్లెలితో మాట్లాడుకోవచ్చని ఎప్పుడో అనుకున్నట్టు లీలగా ఉంది. చేసినట్టు లేదు. చేతులు మాత్రం చేసినట్టే ఉన్నాయి.

జయకుమారి దగ్గరికి జరిగి, పోనీలెండి అత్తయ్యా, పని అయిపోయిందిగా అంది.

వెంకటరావమ్మ ఫోను పక్కన పెట్టి, కుప్పలోంచి ఇంకో కాయ తీసుకుంది.

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదేగా," అంది. "దొంగ ఎప్పుడూ ఎగువనే ఉంటాడని."