మైనస్ పద్నాలుగులో రూపర్ట్ బంక

ఊడిందయ్యా రూపర్ట్. నీ బంక ఊడింది. అలా ఆ ఇనప సిలువ కింద పడుకుని మాట్లాడకుండా ఉంటే సరిపోతుందనుకోకు. లోయ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఇప్పుడిదే కబురు. పొద్దున రొట్టెల కొట్లో నన్ను చూసి ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. నాలుగో ఆవిడ ఆపుకోలేదు.

ఉండు, ముందు నీ మీద మంచు తీయనీ. పార తెచ్చాను. బతికున్నప్పుడు వాకిట్లో మంచు నేనే తీశాను, ఇప్పుడు ఇక్కడా నేనే తీస్తున్నాను. నీకేం మారలేదు.

గొంతేమిటి ఇలా ఉందంటావా? నవ్వీ నవ్వీ బొంగురుపోయింది. అరవై మూడేళ్ళదాన్ని, సమాధుల మధ్య నిలబడి ఒక్కదాన్నే నవ్వుతున్నాను. చూసేవాళ్ళు చూడనీ.

మొదట్నుంచీ చెప్తాను, కోప్పడకుండా విను. కాసియన్ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు.

అవును, ఆ కాసియనే. పొగగొట్టాలు శుభ్రం చేసే కాసియన్. కొండెక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటిస్తామే, వాటికోసం నువ్వు లార్చ్ చెట్టు బంకా తేనెమైనం కలిపి కాచేవాడివే, ఆ జిగురు చలి మైనస్ పది దాటితే పట్టదని సత్రంలో పదిమంది ముందూ అన్నవాడు. పంతొమ్మిదేళ్ళు నువ్వు మొహం చూడనివాడు.

ఏడాదికోసారి అతను మన గొట్టం దులపడానికొస్తే నువ్వెళ్ళి పశువుల కొట్టంలో కూర్చునేవాడివి. అక్కణ్ణించి కబురు. "నేల మీద మసి రాల్చొద్దని చెప్పు ఆ పెద్దమనిషికి." అతను పైకప్పు మీంచి, "రాల్చనని చెప్పు బుర్గీ, ఆ జిగురు దొరగారికి." మధ్యలో నేను. మీ ఇద్దరికీ టపా మోసి మోసి నా కాళ్ళరిగాయి.

అడగడం కూడా ఎలా అడిగాడనుకున్నావు? పొయ్యిలో దూర్చిన తల బయటికి తీశాడు. మొహమంతా మసి, కళ్ళు రెండే కనపడుతున్నాయి. "గొట్టం బాగానే ఉంది బుర్గీ, నన్ను చేసుకుంటావా?" అన్నాడు. ఒకే ఊపిరిలో. నా చేతిలో పిండి గిన్నె. "రూపర్ట్‌ని అడగాలి" అన్నాను.

నవ్వకు. ముప్పై ఎనిమిదేళ్ళు ఏం చేసినా నిన్నడిగే చేశాను, నోటికి అదే వచ్చింది. అతను మాత్రం నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ, "సరే, ఎలా అడుగుదాం?" అన్నాడు.

నేలమాళిగలో నీ ఆఖరి డబ్బా ఉందిగా? మూత మీద నీ రాత, "ఎవరూ ముట్టుకోవద్దు" అని. ఆ బంక నా పట్టీలకు పూస్తానన్నాను. ఆదివారం ఇద్దరం గైస్‌కోఫెల్ కొండ ఎక్కుదామన్నాను. శిఖరం మీది సిలువ దాకా పట్టీలు నిలిస్తే నువ్వు వద్దన్నట్టు. దారిలో ఊడితే సరేనన్నట్టు. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకోడు? మైనస్ పది సంగతి అతనికి బైబిల్ వాక్యంతో సమానం. చలి బాగా ఉండాలని మొక్కుకుంటూ వెళ్ళాడు.

ఆదివారం మైనస్ పద్నాలుగు. గేటు దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటూ, "ఏం చలి బుర్గీ, ఏం చలి" అంటాడు, పండగొచ్చినట్టు.

కొట్టాలు దాటాం. పట్టుకునే ఉంది. అడవి దాటాం. పట్టుకునే ఉంది. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి నా స్కీల వంక చూస్తాడు. "ఎలా ఉంది?" "బాగుంది." మొహం వేలాడేసుకుని మళ్ళీ నడుస్తాడు. ఇంకో మలుపు. "కాస్త జారుతున్నట్టు లేదూ?" "లేదు." "ఎడమదైనా?" "ఎడమదీ లేదు, నడువు."

నాకు లోపల్నుంచి ఒకటే నవ్వు. ఎండ, కరకరలాడే మంచు, నా గుండె నాకే వినపడుతోంది. నువ్వు పోయాక ఈ నాలుగేళ్ళూ స్కీలు అటక మీంచి దించలేదు. కాళ్ళు మర్చిపోయుంటాయనుకున్నాను. ఏమీ మర్చిపోలేదు. పదహారేళ్ళ పిల్లలా ఎక్కేశాను, నిజం.

సిలువ ముందర ఆ నిటారు వాలు నీకు తెలుసుగా. పావుగంట దారి. అక్కడ ఊడింది, కుడి పట్టీ. ఊడి ఊరుకుందా? చేతిలోంచి జారి, పాములా మెలికలు తిరుగుతూ కిందికి పోయింది. ఒక స్కీకి పట్టీ ఉంది, ఒకదానికి లేదు. అడుగు పైకి వేస్తే రెండడుగులు కిందికి.

"కాసియన్, ఊడింది" అని అరిచాను. గంతులేస్తాడనుకున్నాను. గబగబా దిగొచ్చాడు. కుడి స్కీ తిరగేసి చూశాడు. ఎడమ పట్టీని గోటితో గీకి చూశాడు. "ఇది లెక్కలోకి రాదు" అన్నాడు.

ఎందుకు రాదన్నాను.

"మైనస్ పద్నాలుగు బుర్గీ. కొట్లో కొన్న జిగురైనా ఊడుతుంది. ఇదిగో, ఎడమది రాయిలా ఉంది. పోయిన మనిషి మీద ఇలా గెలిస్తే నాకు నిద్ర పట్టదు. ఇంకో రోజు చూద్దాం."

విన్నావా? నీ తరఫున మాట్లాడుతున్నాడు. నీ తరఫున, ఆ కాసియన్. నేనేమో అక్కడ ఒంటికాలి మీద నిలబడి, "అది మొదట్నుంచీ పనికిమాలిన బంకే, నువ్వు చెప్పిందే నిజం" అని వాదిస్తున్నాను. అతను నిన్ను వెనకేసుకొస్తాడు, నేను నిన్ను తిడతాను. అతను ఇంకా వెనకేసుకొస్తాడు. పైన రెండు కొండకాకులు తిరుగుతూ అంతా విన్నాయి.

చివరికి నాకు ఒళ్ళు మండింది. "నాకు ఊడాలి కాసియన్, అర్థం కావడం లేదా?" అన్నాను.

అన్నాక సిగ్గేసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కోటు విప్పి, ప్యాంటు జారకుండా భుజాలకు వేసుకునే తోలు పటకాలు ఊడదీశాడు. నా స్కీకి చుట్టి, మంచులో పట్టు దొరికేలా ముడి మీద ముడి వేశాడు. మన నాన్నల కాలంలో తాళ్ళతో వేసేవారే, అలాగ.

నేను చక్కగా ఎక్కాను. అతని ప్యాంటుకే దిక్కులేకుండా పోయింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్యాంటు. పైన సిలువ దగ్గర చేతులు కలపాలి కదా, ఆనవాయితీ. రెండు చేతులతో కలపాలని అతని పట్టుదల. నా రెండు చేతులూ పట్టుకున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా పోయింది, అలాగే నిలబడి, మైనస్ పద్నాలుగులో, నా మొహంలోకి చూస్తున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక మంచులో కూలబడిపోయాను. కింద కూర్చునే సరేనన్నాను. పెళ్ళి మే నెలలో, పశువుల్ని కొండ మీదికి మేతకు తోలకముందే.

దిగొచ్చాక సత్రంలో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పింది నేనే. రూపర్ట్ బంక ఊడిందని, అందరికీ వినపడేలా.

పార పక్కన పెడతాను. ఇది దగ్గరికొచ్చి చెప్పాలి.

అది ఊడలేదు రూపర్ట్.

సిలువ కనపడుతోంది. ఇంక పావుగంట. ఆయన ముందు వంగి మంచు తొక్కుకుంటూ నాకు దారి చేస్తున్నాడు. వెనక్కి తిరిగి చూడడం మానేశాడు అప్పటికే, ఎలా ఉందని అడగడమూ మానేశాడు. ఆ వీపు చూశాను. చూసి, కూర్చుని, స్కీ విప్పి, పట్టీ పీకాను. రాలేదు. బూటు అడ్డం పెట్టి రెండు చేతులా లాగాను. గోరు విరిగింది, ఇదిగో. అప్పటికి వచ్చింది, చర్మం వలిచినట్టు. మళ్ళీ అతుక్కుంటుందేమోనన్న భయంతో, నేనే దాన్ని లోయలోకి వదిలేశాను.

ఎంత గట్టి బంకయ్యా నీది. ఈ ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పంతొమ్మిదేళ్ళూ నువ్వు చెప్పిందే నిజం. అది ఇప్పుడు తెలిసింది నా ఒక్కదానికే. నేను ఎవరికీ చెప్పను. చెప్తే ఆయన మళ్ళీ లెక్కలోకి రాదంటాడు.

నీ మీద ఇష్టం పోయి చేసిన పని కాదు. పొద్దున్నే ఒక్క కప్పు, ఒక్క పళ్ళెం తీసి బల్ల మీద పెట్టుకోవడం ఇంక నా వల్ల కాలేదు. అందుకని నిన్ను ఓడించాను. తిట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం. నీకు తీరికేగా.