గీత పడని షీటు, రెండు బస్తాల సిమెంటు

పేదవాడి నేలకు సిమెంటు కావాలంటే పర్మిట్టు. పెద్దవాడి మేడకు దొడ్డిదారి. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే చాంద్‌బీ నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి రెండు బస్తాలు సాధించింది. మట్టినేల చెమ్మకు ఆమె గరిటెలు బూజు పడుతున్నాయి, సంతలో ఎవరూ ముట్టడం లేదు. నేల పోయడానికి వచ్చిన మేస్త్రీ వెంకటరమణయ్య పనికి ముందు ఖాదర్ బాషా అంగట్లో టీ తాగుతున్నాడు. చాంద్‌బీ పక్కనే నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే, ఆమెకు సిమెంటు వచ్చిందని విని, ఆత్మకూరు మాల్యాద్రి బస్సు దిగాడు. చంకలో చుట్టిన వినైల్ షీటు, దాని మీద చెక్కపలకల బొమ్మ. అది చాంద్‌బీకి అంటగట్టి, సిమెంటు తన కొత్త అంగడి మెట్లకు పట్టుకుపోవాలని అతని ఎత్తు.

"సిమెంటు దేనికక్కా, పగిలి చచ్చేదానికి? ఇది చూడు. మా ఇంట్లో పరిచిందీ ఇదే, మిగిల్తే నీకోసం తెచ్చినాను. నేలకు షీటు ఎంచడం అందరికీ రాదు. మద్రాసులో అంగడోడు పద్దెనిమిది రకాలు పరిచినాడు. నేను మాట్లాడలా. జేబులోంచి బీగంచెవి తీసి అన్నిటి మీదా బరబరా గీకినాను. పదిహేడు చిరిగినాయి. దీని మీద గీత పడలా!"

"పదిహేడు చించితే ఊరికే వదిలినాడా?" అన్నాడు ఖాదర్ బాషా.

"వదలడమేంది, టిఫిను పెట్టించినాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంట్లో పరిచినానో లేదో, మా పెంచలయ్య ఎద్దులు గిట్టలకు కొత్త నాడాలతో లోపలికి దూరి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా దాని మీదే కుమ్ముకున్నాయి. చూస్తే షీటు మీద గీత లేదు. నాడాలు అరిగిపోయి ఎద్దులు ఒట్టి కాళ్ళతో నిలబడి ఉండాయి. నాడాలు కొట్టించి ఇమ్మని పెంచలయ్య నా మీదికే వచ్చినాడు!"

"అడగడం న్యాయమే గదా," అన్నాడు మేస్త్రీ.

"అంతటితో ఆగితే నేను మాల్యాద్రినే కాదు. షీటు చుట్టుకొచ్చి మీ కొండ కింద పరిచి, కోట మీంచి ఫిరంగిగుండు దొర్లించినాను. గుండు వచ్చి పడింది, పడి రెండు చెక్కలైంది. ఆ చప్పుడుకు ఎలుగుబంటి దిగొచ్చి, కోపంతో అరగంట సేపు షీటును రక్కింది. పాపం, గోళ్ళన్నీ అరిగిపోయి, పుట్ట తవ్వలేక ఇప్పుడది కలిగిరి సంతలో బొరుగులు అడుక్కుంటా ఉండాది."

"మొన్న సంతలో నేను చూడలేదే?" అన్నాడు ఖాదర్ బాషా.

"సిగ్గుతో మొగం దాచుకోనుంటాది. అది సరే, మొన్న పిడుగు పడింది దీని మీద. నేరుగా! పడి ఏం చేసింది? కాలు నిలవక సర్రున జారి వరికుంటపాడు దాకా పోయి, అక్కడ నలుగురూ చూస్తా ఉంటే తట్టుకోలేక మళ్ళీ పైకి పోయింది!"

అందరూ నవ్వారు, చాంద్‌బీ తప్ప. ఆమె షీటు అంచును రెండు వేళ్ళతో నలిపి చూస్తోంది.

"మా ఇంట్లో నేలే పనిబల్ల తమ్ముడూ. నేల మీద కూర్చోని, చెక్కను నేలకానించి బాడిశతో కొడతాం. రోజుకు వెయ్యి దెబ్బలు."

"లక్ష కొట్టక్కా! బాడిశ వంగిపోతాది గానీ దీనికేం కాదు."

"ఇంత మొండిదాన్ని మీ ఇంటి గడపకీ మూలలకీ సరిపోయేట్టు కొయ్యడానికి ఎంత అవస్థ పడినావో పాపం."

"అవస్థా? నేను కొయ్యడం నువ్వు చూడాల! రవికగుడ్డలు కత్తిరించే కత్తెర ఉండాదే ఇంట్లో, దాంతో ఒక్క లాగు. వెన్న తెగినట్టు సర్రున..."

ఖాదర్ బాషా పోస్తున్న టీ గ్లాసు దాటి బల్ల మీదికి పారింది. మేస్త్రీ పొలమారి దగ్గాడు.

చాంద్‌బీ షీటును జాగ్రత్తగా చుట్టి అతని చంకలో పెట్టింది.

"రవిక కత్తెరకే ఓర్చుకోలేనిదాని మీద బాడిశ ఎత్తాలంటే నాకే జాలేస్తాది తమ్ముడూ," అంది. "లే మేస్త్రీ. నీళ్ళు తోడిపెట్టినాను, ఎండెక్కకముందే కలుపు."