అడివంచు ఇల్లు

గోదావరిఖనిలోని కంపెనీ క్వార్టర్ ముంగిట భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయన మెడలో రిటైర్మెంటు దండ ఇంకా అలాగే ఉంది.

"క్వార్టర్ ఎట్లయినా ఖాళీ చెయ్యాలె గద. మంథని అవతల అడివంచుకు ఒక ఇల్లు మాట్లాడిన. వచ్చే నెల పోతున్నం."

"ఏందీ? నన్ను అడగకుంటనేనా?"

"జిందగంతా బొగ్గుబాయి చీకట్లనే పాయె. ఇగ రోజూ గుట్టలెక్కాలె, పిట్టల్ని చూడాలె."

"మంచిగ పో. నేను రాను."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"రావా? మరి నువ్వెక్కడుంటవ్?"

"ఈ బజార్లనే, చిన్న కిరాయి ఇంట్ల. నీకు గుట్టలిష్టం, నాకు మనుషులిష్టం."

"ఒక్కదానివేనా?"

"నీ నైట్ షిఫ్టులప్పుడు నాతోని ఎవలున్నరు?"

ఆయన మెడలోని దండ తీసి పక్కన పెట్టాడు.

"నాకు వంట గూడ రాదు గదనే..."

"నేర్చుకుంటవ్ తియ్యి. ఆడికి బస్సుందా?"

"పొద్దుగాల ఒకటి, పొద్దుగూకంగ ఒకటి."

"అయితే వారానికోపారి, ఐతారం ఐతారం వస్త. నీతోని గుట్ట గూడ ఎక్కుత."

"వచ్చిన్నాడు రాత్రికి ఉంటవా మరి?"

"ఉండ. పొద్దుగూకంగ బస్సెక్కి నా ఇంటికి నేనొస్త."