ఏటవాలు ఎర్రగీత

క్లాసు పిల్లలంతా పాత వీడియోగేమ్ మీద పడ్డారు. ఒక్క అమ్మాయి మాత్రం చిల్లుల కార్డుల కట్ట దగ్గరే ఆగిపోయింది. ఆ కంప్యూటర్ మ్యూజియం చూపిస్తున్న పెద్దావిడ వెనక్కి వచ్చింది.

"ఇవేంటి మేడమ్?"

"అప్పట్లో ప్రోగ్రామంటే ఇదేనమ్మా. ఇంకొకరు రాసిస్తే, మిషన్ చదివేలా ఈ చిల్లులన్నీ కొట్టింది నేనే."

"మరి కట్ట మీద ఏటవాలుగా ఈ ఎర్రగీత?"

"చెయ్యిజారి పడితే మళ్ళీ వరసగా పేర్చుకోవడానికి. గీత కలిసిందంటే వరస కుదిరినట్టే."

"ఎప్పుడైనా పడేశారా?"

"ఒక్కసారి, ఈ కట్టనే. గబగబా ఏరి పేర్చేశాను. అప్పట్నుంచి మిషన్ అన్నీ తప్పు జవాబులే ఇచ్చింది. ప్రోగ్రాం రాసినావిడకే తెలివి లేదన్నారు. పాపం, తనూ నిజమేననుకుని ఉద్యోగం మానేసింది."

"మీరేం చెప్పలేదా?"

"ఏం చెప్పను? గీత కలిసిందిగా!"

"కలవలేదు మేడమ్. ఇదిగో, ఈ ఒక్క కార్డు మీద ఎరుపు పక్కకుంది."

"ఏదీ? ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ... అయ్యో."

"తీసి సరైన చోట పెట్టేయనా?"

"వద్దమ్మా, ముట్టుకోకు. ఈ ప్రోగ్రాం రాసింది మా అక్కే. తనొచ్చి కళ్ళారా చూసేదాకా అలాగే ఉండనీ."