తాళం ఎవరి దగ్గర?

"ఇదా వెబ్‌సైటు? దీన్నా రేపు బాపట్లలో ఆఫీసర్ల ముందు పెట్టేది? కిరాణా కొట్టు చీటీ ఇంతకన్నా అందంగా ఉంటుంది."

తెనాలి స్టేషన్ ఎదురుగా, మేడ మీద కంప్యూటర్ సెంటర్. 2006, అక్టోబరు చివర. బయట ముసురు పట్టి వదలడం లేదు. తెర ముందు కూర్చుని చేసింది ముబీనా, వెనక నిలబడి వంకలు పెడుతున్నది సెంటరు ఓనరు బసవేశ్వరరావు. ఆయనకి ఆ వెబ్‌సైటు నచ్చలేదు, ఆమెకి ఆయన నచ్చలేదు.

"తెల్లగా, తేటగా ఉంది కదండి. ఇంకేం కావాలి సార్, మామిడి తోరణాలు కట్టాలా?"

"కట్టాలి! పైన 'స్వాగతం' అని అక్షరాలు పరిగెత్తాలి. పక్కన సముద్రం బొమ్మ, అలలు కదలాలి. ఈ మూల మా అన్నయ్య ఫోటో..."

"మీ అన్నయ్యగారి ఫోటో ఎందుకండి? ఇవి తుఫాను షెల్టర్ల వివరాలు."

"పల్లెమొగ ప్రెసిడెంటు కదమ్మా! మా ఊళ్ళో షెల్టర్ కట్టించింది ఎవరనుకున్నావ్?"

"ప్రభుత్వం అనుకున్నానండి."

"అదిగో, ఆ నోరే తగ్గించుకోమనేది."

"తగ్గిస్తాను. ముందు మీరు ఆ తాళాల గుత్తి ఆడించడం ఆపండి సార్. చెవిలో జోరీగలా ఉంది."

"నా సెంటరు, నా గుత్తి. నా ఇష్టం. అసలు దీన్ని దేంతో చేశావ్, చెప్పు."

"మార్క్‌డౌన్ అంటారండి. ఊరికో మామూలు టెక్స్ట్ ఫైలు. లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే హెడ్డింగు అవుతుంది. మిగతాదంతా మామూలుగా రాసుకోడమే. రేపల్లెలో ఏ గుమస్తా అయినా నోట్‌ప్యాడ్ తెరిచి మార్చుకోవచ్చు. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము ఆ ఫైళ్ళన్నీ చదివి ఒక పట్టిక కట్టి పెడుతుంది. ఊరి పేరు కొడితే చాలు, షెల్టర్ ఎక్కడుంది, ఎంతమంది పడతారు, బోరు పనిచేస్తోందా లేదా, అన్నీ వస్తాయి."

"హ్యాష్ గుర్తంట! నోట్‌ప్యాడంట! మన సెంటర్లో ఆ రెండో కుర్రాడు సాయికిరణ్‌కి అప్పజెప్పుంటే ఈపాటికి తెర మీద జలపాతం దూకించేవాడు."

"దూకించేవాడండి. ఆ జలపాతం రేపల్లెలో ఫోను లైను మీద తెరుచుకునేసరికి తుఫాను ఒరిస్సా చేరేది."

"వెటకారాలొద్దు."

"ఒకసారి మీ ఊరి పేరు కొట్టి చూడండి సార్. ఎంత తొందరగా వస్తుందో."

"మా ఊరు నాకు చూపిస్తావా? పుట్టి పెరిగింది అక్కడ. అది సరే, ఈ చివరి కాలమ్ ఏంటి? 'తాళం ఎవరి దగ్గర'? ఇదేం కాలమ్?"

"అదే అసలు కాలమండి. మిగతావన్నీ లేకపోయినా పర్లేదు."

"నవ్వుతారు. బాపట్ల మీటింగులో అందరూ పకపకా నవ్వుతారు."

"నవ్వనివ్వండి. పోయిన తుఫానుకి మా మేనత్తా వాళ్ళ ఊళ్ళో షెల్టర్ బ్రహ్మాండంగా ఉంది. తాళం వేసుంది. తాళం పెట్టుకున్న పెద్దమనిషి గుంటూరులో పెళ్ళి భోజనం చేస్తున్నాడు. మా మేనత్త ఆ మెట్ల మీద తెల్లారేదాకా తడిసింది. ఆ జ్వరంతోనే పోయింది. అప్పుడు మండింది సార్ నాకు, ఇప్పటికీ మండుతోంది."

"అయ్యో పాపం. కానీ దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"తాళమేనండి సంబంధం!"

"అరవకు. చూడమ్మా, ఇలాంటి తాళాలు ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గరుంటాయి. వాళ్ళ పేర్లు ఇంటర్నెట్‌లో ఎక్కిస్తే పరువేం కాను?"

"అడిగినప్పుడు తాళం ఇస్తే పరువెందుకు పోతుందండి? దాచుకుంటే పోతుంది."

"దాచుకోడం ఏంటి, దాచుకోడం? ఏడాది పొడుగునా ఖాళీగా పడుండే బిల్డింగు. ఎవరో ఓ నాలుగు బస్తాలు పెట్టుకుంటారు. కొంపలు మునిగాయా?"

"బస్తాల మాట నేనెత్తలేదు సార్."

"అంటే... మాటవరసకి అన్నాను."

"అందుకే, మీ ఊరి పేరు ఒక్కసారి కొట్టి..."

"మళ్ళీ అదే పాట! కాలమ్ తీసెయ్."

"తియ్యను."

"తీస్తావా, సాయికిరణ్‌ని పిలవనా? రేపు బాపట్లకి వాణ్ణే తీసుకెళ్తా. చేసింది వాడేనని చెప్తా."

"పిలవండి. వాడు కాలమ్‌తో పాటు ఫైళ్ళు కూడా ఊడ్చేస్తాడు, వాడి తెలివి నాకు తెలియందా? వద్దు లెండి, నేనే తీస్తాను. జావాస్క్రిప్ట్‌లో ఒక్క లైను. ఇదిగో, పోయింది. ఫైళ్ళల్లో మాత్రం అలాగే ఉంది. అది చెరపను, ఉద్యోగంలోంచి తీసేసినా చెరపను."

"అలా రా దారికి. ఇప్పుడు పైన 'స్వాగతం' పరిగెత్తించు. ఎర్ర రంగులో..."

"మీ ఫోను మోగుతోందండి."

"దేవదానం. ఊళ్ళో మా రొయ్యల చెరువుల కాపలా మనిషి. గట్టు తెగిందో ఏంటో, ఖర్మ. ఆ స్పీకరు నొక్కు, ఈ వాన హోరులో నాకు వినపడి చావదు. ఏంట్రా దేవదానం?"

"బాబుగారూ, నీళ్ళొచ్చేశాయండి! కట్ట దాటేశాయి. మీ అమ్మగారి ఇంట్లో మంచం కోళ్ళు మునిగిపోయాయండి. ఆవిణ్ణి ఎత్తుకుని షెల్టర్ దగ్గరికి తెచ్చాం. ఊరు ఊరంతా ఇక్కడే ఉందండి."

"మంచి పని చేశావ్. లోపల పొడి చీర కట్టించి పడుకోబెట్టమను."

"లోపలెక్కడండి? తాళం వేసుంది కదండి!"

"వేసుంటే తియ్యాలి! ఆ తాళం ఏ వెధవ దగ్గర తగలడిందో కనుక్కోలేవూ? ముసలావిణ్ణి వానలో నిలబెడతారా, బుద్ధుందా మీకు?"

"రేపల్లెలో ఉన్న మీ అన్నయ్య పెద్దబాబుగారికి ఫోన్ చేశామండి. 'నాకేం తెలుసు, తమ్ముడు అన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాడంట, వాణ్ణే అడగండి' అన్నారండి."

"ముబీనా! ఆ కాలమ్ పెట్టమ్మా. తొందరగా! నీకు దణ్ణం పెడతాను..."

"మీరు అడక్కముందే పెట్టానండి. పల్లెమొగ. ఇదిగో, మీరే చదవండి."

"కళ్ళజోడు లేదు. నువ్వే చదువు. ఎవడు? ఎవడి దగ్గర?"

"'తాళం: బసవేశ్వరరావు గారు, తెనాలి.'"

"ఏంటి?"

"మీరేనండి. ఇందాకట్నుంచి మీ చేతిలో మోగుతోంది చూడండి, ఆ గుత్తిలోనే ఉండాలి."

"ఇదా... ఇది గోడౌన్ తాళం కదా!"

"ఆ గోడౌన్‌నే జనం షెల్టర్ అంటారండి."

"ఎవరు... నా పేరు నీకు ఎవరు చెప్పారు?"

"మీ అమ్మగారేనండి. వివరాలకి ఊళ్ళో మీ ఇంటికి ఫోన్ చేస్తే ఆవిడే తీశారు. 'మా వాడి పేరు రాయమ్మా, అలాగైనా వాడి కంట పడుతుంది' అన్నారు. అందుకే కదా ఇందాకట్నుంచీ మీ ఊరి పేరు కొట్టి చూడమని మొత్తుకుంటున్నాను! దేవదానం గారూ, వినపడుతోందా? తాళం ఇక్కడుంది, తెనాలిలో. పగలగొట్టెయ్యండి!"

"అవునురా, పగలగొట్టు! నేను చెప్తున్నా, పగలగొట్టు!"

"అమ్మగారు ఎప్పుడో చెప్పారండి, గునపం పెట్టేశాం. ఆ... ఊడింది, ఊడింది! కానీ బాబుగారూ, లోపల కాలు పెట్టే చోటు లేదండి. గుమ్మం దాకా మీ రొయ్యల మేత బస్తాలే. బయట పారెయ్యమంటారా?"

"పారెయ్యడమా? అలా కాదు, ఉండు... అవి తడిశాయంటే మొత్తం..."

"సార్!"

"ఉండమ్మా, ఒక్క నిమిషం ఆలోచించనీ. ఒరే, ఓ పక్కకి సర్ది చూడండ్రా..."

"బాబుగారూ, అమ్మగారేదో అంటున్నారండి. ఆ... చెప్తున్నానమ్మా, చెప్తున్నాను. 'బస్తాలు తడవాలా, అమ్మ తడవాలా, వాణ్ణే తేల్చి చెప్పమను' అంటున్నారండి."