మెట్ల మీద వంత

“తాతా, నీ పాటకి మొదట వంత పాడింది ఎవురు?” అని కదమ్మా అడిగినావు. చెప్తా. దగ్గరికి జరగండి అందరూ. ఆ వెనకున్నోళ్లు కూడా రండి, గొంతు ముందంత లేదు నాకు.

యాభైల చివర్లో అనుకుంటా... కాదు, అరవై దాటింది, మా చిన్నమ్మ పెళ్లి అయిపోయినాక. అప్పుడు బేడ, అదే రెండణాలు, ఇస్తే కడుపునిండా దోసెలు పెట్టేవాళ్లు. సరే, అదట్టా ఉంచండి. తోటపల్లి గూడూరు పక్క మా పల్లె. నాట్లేసేటప్పుడు ఆడోళ్లు పాడే వరసల్లో దేవుడి పాటలు కట్టి, డప్పు మీద పాడేవాణ్ణి. ఎవురూ నేర్పలా, ఎవురూ పంపలా. ఒక అరుగు దొరికితే చాలు, పాడేదే.

మా సంఘ పెద్ద మంచోడే. డప్పు మాత్రం చర్చి గడప దాటకూడదన్నాడు. “చావుల కాడ దాన్ని కొట్టించి కొట్టించే మనల్ని ఊరికి ఎడంగా పెట్టినారు. ఇడిచిపెట్టి వచ్చినదాన్ని మళ్లీ లోపలికి తెస్తావా?” అన్నాడు. ఆయన బాధా అబద్ధం కాదమ్మా. కానీ డప్పు లేకపోతే నా పాట నడవదు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయీకాకముందే బయట మెట్ల మీద కూచొని ఎత్తుకున్నా:

“నారుమడిలో నన్ను పెంచిన తండ్రీ,
నాటే చోటు నువ్వే చూపవయ్యా...”

వంత అంటే తెలుసు కదా, నేనన్న మాటని జనం తిరిగి అందుకోవాల. అందుకోకపోతే పాట ఆడనే చచ్చిపోద్ది. లోపల అందరూ తలలొంచుకొని ఉండారు. మళ్లీ ఎత్తుకున్నా. పలకలా. ఇంకోసారి చూస్తా ప్రభువా, అప్పుడూ పలక్కపోతే డప్పు పొయ్యిలో పెట్టేస్తా, ఇంక పాడను అని మనసులో చెప్పుకున్నా.

మూడోసారి ఎత్తుకున్నా. అప్పుడు లేచింది, ఆ పెద్దాయన వాళ్లమ్మే. నడుం వంగిన మనిషి, గోడ పట్టుకొని వస్తా ఉంది. యాడికిమా, కూచో అన్నాడాయన.

“నిన్ను కడుపులో మోస్తా ఈ వరస మీదే నాట్లేసినా నాయనా,” అనింది. “ఇది లోపలికి రాకూడదంటే నేనూ బయటే కూచుంటా.”

వచ్చి నా పక్కన కూలబడి వంత అందుకున్నది. పళ్లు లేవు, సగం మాటలు గాలే. ఆమెని చూసి ఇంకా కొందరు ఆడోళ్లు లేచినారు.

డప్పును ఆయన లోపలికి రానీలా. ఆమె కన్నుమూసిందాకా ప్రతి ఆదివారం నాతో బయటే కూచున్నది. ఆ తర్వాత సముద్రం ఒడ్డు పల్లెలన్నీ తిరిగినా, సంగం ఊరి దాకా పోయినా, నెల్లూరులో మైకు ముందరా పాడినా. అంతా ప్రభువు కృప. ఆ రోజు ఆమె లేవకపోతే ఆ పాటలేవీ పుట్టేవి కావు.

నా పాటలు మర్చిపోయినా పర్లేదు బిడ్డా. ఆమె లేచింది చూడు, అది మాత్రం మర్చిపోబాకండి. యాడన్నా ఒక మనిషి ఒంటరిగా పాడతా కనపడితే, పోయి పక్కన కూచొని వంత అందుకోండి. మీ పిల్లకాయలకీ చెప్పండి... దేవుడు మిమ్మల్ని సల్లంగా చూడాల...